రేకు బూర

ఆయన కొలువులో పదహారేళ్లు గుమాస్తాని నేను.
ఫిబ్రవరిలో సిరాబుడ్డి గడ్డకడితే
చంకలో పెట్టుకుని కరిగించి
చెప్పింది చెప్పినట్టు రాసినవాణ్ణి.
డూగల్ మక్‌ఫీ, భూముల కమిషనర్.
ఇప్పుడా పేరు ఒక వంతెన మీద ఉంది.
రైలు పడ్డాక ఆ వంతెన ఎవరూ దాటరు.

మా దీవి మట్టి ఎరుపు.
చొక్కాకి అంటితే వదలదు,
మంచు కరిగే నెలలో బండిని ఇరుసుదాకా మింగుతుంది.
మా తాతలు పుట్టకముందే
సముద్రానికి అవతల ఏదో గదిలో
చీట్లేసి పంచుకున్నారట దొరలు దాన్ని,
ఒక్క పెళ్లయినా చేత్తో చిదిమి చూడకుండా.
మాకు మిగిలింది కౌలు,
తొమ్మిదివందల తొంభైతొమ్మిదేళ్లకి.
ఇంటూ గుర్తు పెడుతూ డూగల్ వాళ్ల నాన్న
"ఆ ఒక్క ఏడూ ఎందుకు వదిలేశారు బాబూ?" అన్నాడట.
ఏజెంటు నవ్వలేదు.

అమీను గుర్రం మలుపు తిరిగిందంటే
కొండ మీద కుర్రాడు రేకు బూర ఊదాలి.
ఊరంతా ఆవుల్ని అడవిలోకి తోలేయాలి.
ఆ కుర్రాడు డూగల్.
పెదవి మీద మచ్చ చివరిదాకా ఉండేది,
చలికి రేకు అంటుకుని తోలూడిన చోట.

ముప్పై రెండో ఏట ఆ ఊపిరితోనే ఓట్లడిగాడు.
గెలిచాడు.
అర్జీ పట్టుకుని లండన్ వెళ్లి
పదకొండు వారాలు ఒక బల్ల మీద కూర్చున్నాడు.
మంత్రి గురించి ఏనాడూ చెప్పలేదు గానీ
బల్ల గురించి చెప్పేవాడు:
"దానికి ఎడమ కాలు పొట్టి, ఫిదేల్.
కదిలితే చప్పుడవుతుందని కదల్లేదు నేను."
వస్తూ ఒక గొడుగు తెచ్చుకున్నాడు.
మా గాలికది రెండో రోజే తిరగబడింది.

ఆఖరికి చట్టం వచ్చింది.
దొరల లాట్లు సర్కారు కొన్నది,
కొన్నది కొన్నట్టు రైతులకే అమ్మింది,
పదేళ్ల వాయిదాలు, ఏటా వడ్డీ.
దొర పోయాడు, బకాయి పోలేదు.
పాత పద్దులో "దొరవారికి" కొట్టేసి
"సర్కారువారికి" అని రాశాను పేజీ పేజీకీ.
పాళీ రెండుసార్లు విరిగింది.

ఒక పొద్దున బుట్టలమ్మే మదలేన్ లబోబ్ వచ్చింది,
మిక్మా మనిషి.
బుట్టలు దింపి గోడ మీది పటం చాలాసేపు చూసింది,
గీతలూ, రంగులూ, అంకెలూ.
"ఆ దొరలు ఎవరి దగ్గర కొన్నారట?" అంది.
డూగల్ నావైపు చూశాడు.
నేను పద్దు వైపు చూశాను.
ఆయన ఒక బుట్ట కొన్నాడు, బేరమాడలేదు.
చిత్తుకాగితాలు అందులోనే వేసేవాళ్లం.

బంగాళాదుంపకి నల్లతెగులు తగిలిన ఏడు
బకాయిలు చూడ్డానికి తనే బయల్దేరాడు.
మోరాగ్ బీటన్ పొలం కింద
మలుపు తిరిగామో లేదో
పైనుంచి బూర.
కళ్లేలు లాగి తల వంచి విన్నాడు.
"ఆ పిల్లకి ఊపిరి చాలటం లేదు," అన్నాడు.
బండి వెనక్కి తిప్పించాడు.

ఆ తర్వాత మూడేళ్లు
విధవ మోరాగ్ వాయిదా గడువుకి ముందే జమ.
రసీదులు నేనే రాశాను.
ముప్పై మైళ్ల అవతలి నాణేలకి
మా కమిషనర్ నశ్యం వాసనేమిటని
నేనడగలేదు.

పధ్నాలుగు ఓట్లతో ఓడిపోయాడు.
మోరాగ్ అన్నదమ్ములు నలుగురూ
అవతలివాడికే వేశారని ఊరంతా తెలుసు.
"మంచిదే, నేనైనా అదే చేసేవాణ్ణి," అన్నాడు,
సొరుగులు ఖాళీ చేసుకుంటూ.
గొడుగు మాత్రం మరిచిపోయాడు.

నాలుగో ఏడు వాయిదా రాలేదు.
కొత్త కమిషనర్ కుర్రవాడు, చురుకైనవాడు.
నోటీసు నన్నే రాయమన్నాడు.
నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని
దీవిలో అందరూ మెచ్చుకుంటారు.
చివరి అక్షరం తోక దగ్గర సిరా కాస్త చిమ్మింది,
అద్దుడుకాగితంతో అద్దేశాను.

టపాబండి ఆ కొండ ఎక్కేవేళ
బూర మోగిందో లేదో తెలియదు.
కిటికీ మూసి ఉంది.
ఫిబ్రవరి.